గుండె శస్త్రచికిత్సలో తెల్ల కణముల ఉద్రేకము

మేము నెలనెల పైరులను, ఎరువులను గూర్చి వ్రాయువారము. అయినను గుండె శస్త్రచికిత్స యను మాట నేడు పల్లెలలో సైతము తఱచుగా వినబడుచున్నది. చికిత్స బాగుగ జరిగెనని వైద్యులు చెప్పిన పిదపకూడ రోగి కొన్నిదినములు ఆయాసపడుటయు, మేను ఉబ్బుటయు చూచి బంధువులు బెదరుదురు. దీనికి కారణమేమో సభ్యులు తెలిసికొనుట మంచిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రక్తములోని తెల్ల కణములు చేని కావలివారివంటివి. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో ఇవి సుమారు 4,000 మొదలు 11,000 వఱకు ఉండును. సూక్ష్మజీవులు చొరబడినచో ఇవి ఘాటైన రసములను విడిచి వానిని చంపును. ఆ పోరాటమున కలుగు ఎఱుపు, వేడి, వాపు, నొప్పి, వీనినే శోథమందురు. ముల్లు గ్రుచ్చుకొనిన వ్రేలు వాచుట ఇట్టిదే.

గుండెను నిలిపి చికిత్స చేయవలెనన్న, రక్తమును గొట్టములగుండ వెలుపలి యంత్రమునకు మరల్చి, ప్రాణవాయువు పట్టించి, తిరిగి దేహమునకు పంపవలెను. తూము బాగుచేయునపుడు నీటిని ప్రక్క కాలువకు మరల్చుటవంటిదే ఈ పని. ఇట్టి యంత్రముతో డాక్టరు జాన్ గిబ్బన్ 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో మొదటిసారి జయప్రదముగ చికిత్స చేసెను.

చిక్కు ఇచ్చటనే కలదు. రక్తము ఎన్నడు నెఱుగని గొట్టములను తాకగానే, శత్రువు వచ్చెనని కావలివారు లేతురు. తెల్ల కణములు ఊపిరితిత్తుల సన్నని నాళములలో చిక్కుకొని, ఘాటు రసములను అచటనే క్రుమ్మరించును. నాళముల గోడలనుండి నీరు ఊరి ఊపిరి బరువెక్కును. దొంగ లేని చేనిలో కావలివాడు కఱ్ఱ త్రిప్పినచో విఱుగునది మన పైరే కదా!

దీనిని అణచుటకు వైద్యులు పలు ఉపాయములు పన్నిరి. మొదటిది, గొట్టముల లోతట్టున హెపారిన్ అను మందు పూయుట. రెండవది, తెల్ల కణములను పట్టు జల్లెడను గొట్టములో అమర్చుట. దీనివలన కొందఱికి ఊపిరి మెఱుగైనను, మరణములు తగ్గినట్లు స్థిరపడలేదు. మూడవది, ఎక్కించు రక్తమునుండి తెల్ల కణములను ముందే వడకట్టుట. నాల్గవది, వీలున్నచోట గుండె కొట్టుకొనుచుండగనే, యంత్రము లేకయే, నాళములను అతుకుట.

ఐదవది స్టిరాయిడ్ మందులు. వీనిని 2012లో ప్రకటితమైన నెదర్లాండ్సు పరీక్షలో 4,494 మందియందును, 2015లో ప్రకటితమైన 18 దేశముల పరీక్షలో 7,507 మందియందును శోధించిరి. ఆశించినంత మేలు కనబడలేదు. కావున పెద్దలకెల్ల వాడుకగా ఇచ్చుట తగదని తేలినది. కావలివారినెల్ల తఱిమివేసినచో నిజమైన దొంగలు వచ్చినపుడు దిక్కెవ్వరు? పురుగుమందు హెచ్చై మిత్రకీటకములు చచ్చిన చేని గతి మన మెఱుగుదుము.

రోగి యింటివారు చేయదగిన పనులును కలవు. చికిత్సకు ముందే పొగ త్రాగుట మాన్పవలెను. పుచ్చుపండ్లను చూపవలెను. వాడు మందులన్నియు వైద్యునకు చెప్పవలెను. పిదప నేర్పిన శ్వాస అభ్యాసములను విడువరాదు. జ్వరము వచ్చినను, గాయము చీము పట్టినను, ఇది సహజమైన వాపేయని ఇంట కూర్చుండక వెంటనే తెలుపవలెను.

ముఖ్యమైనది మఱియొకటి కలదు. పిల్లల గొంతునొప్పిని కొన్నిరకముల సూక్ష్మజీవులు కలిగించును. దానిని ఉపేక్షించినచో, కొందఱిలో దేహరక్షక బలమే దారితప్పి కీళ్లను వాపజేసి, గుండె కవాటములను చెఱచును. కవాటముల చికిత్సలు పెక్కు ఇట్లే అవసరమగుచున్నవి. గొంతునొప్పితో జ్వరము వచ్చిన పిల్లవానిని వైద్యునకు చూపి, ఆయన పెన్సిలిన్ వ్రాసినచో చెప్పినన్ని దినములు తప్పక వాడించుడు. గండి చిన్నదిగానున్నపుడే పూడ్చువాడు గదా తెలివిగల రైతు.