డ్రైనేజీ చెప్పే హెల్త్ రిపోర్ట్

ఫ్లష్ నొక్కగానే పని అయిపోయిందనుకుంటాం. ఫోన్ చూసుకుంటూ బయటికొచ్చేస్తాం. కానీ ఆ నీళ్లలో మన గురించి బోలెడు సమాచారం వెళ్తుంటుంది. ఒంట్లో ఏ వైరస్ ఉంది, ఏ మందులు మింగాం, అన్నీ అందులో ఉంటాయి. ఊరందరిదీ కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఎవరిది ఏదో తెలియదు. ఊరి ఆరోగ్యం ఎలా ఉందో మాత్రం తెలుస్తుంది. ఇలా మురుగును చదివి జబ్బుల జాడ పట్టడాన్ని మురుగునీటి నిఘా అంటారు. ఇందులో రెండు పెద్ద కథలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి.

అంబర్‌పేటలో పోలియో

మన దేశంలో వైల్డ్ పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చిలో పోలియో రహిత దేశంగా గుర్తింపు కూడా వచ్చేసింది. అయినా పెద్ద నగరాల్లో మురుగు శాంపిల్స్ తీసి చూడటం ఆపలేదు. ఆ జాగ్రత్తే 2016లో పనికొచ్చింది. అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం దగ్గర తీసిన శాంపిల్‌లో టైప్-2 పోలియో వైరస్ దొరికింది.

అప్పటికి ఏ ఆసుపత్రిలోనూ కేసు లేదు. ఒక్క పిల్లాడికీ కాళ్లు చచ్చుబడలేదు. దొరికింది కూడా పాత వైల్డ్ రకం కాదు, చుక్కల మందులో వాడే బలహీనపరిచిన వైరస్ నుంచి పుట్టిన రకం. చుక్కలు వేసుకున్న పిల్లల మలంలో ఆ వైరస్ కొన్నాళ్లు బయటికి వస్తుంది. టీకాలు సరిగ్గా అందని చోట అది ఒకరి నుంచి ఒకరికి పాకుతూ పోతే మారిపోయి, మళ్లీ బలం తెచ్చుకునే ప్రమాదం ఉంది. అందుకే ప్రభుత్వం వెంటనే కదిలింది. జూన్ నెలలోనే హైదరాబాద్, చుట్టుపక్కల ప్రాంతాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలు లక్ష్యంగా ప్రత్యేకంగా ఇంజెక్షన్ టీకా కార్యక్రమం పెట్టింది.

కేసే లేనప్పుడు ఇంత హడావుడి ఎందుకు? పోలియో సోకిన వాళ్లలో పక్షవాతం వచ్చేది దాదాపు 200 మందిలో ఒక్కరికి. మిగతా వాళ్లలో చాలామందికి సోకిందన్న సంగతే తెలియదు. ఆసుపత్రికి కనిపించేది ఆ ఒక్కరే. డ్రైనేజీకి మాత్రం 200 మందీ కనిపిస్తారు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, యాప్ పనిచేయట్లేదని యూజర్ ఫోన్ చేసేదాకా ఆగితే అప్పటికే లేట్. సర్వర్ లాగ్స్ చూస్తూ ఉంటే తేడా ముందే తెలుస్తుంది. ఊరికి డ్రైనేజీ అలాంటి లాగ్ ఫైల్.

6.6 లక్షల లెక్క

రెండో కథ 2020 ఆగస్టుది. కోవిడ్ టెస్టుల కోసం జనం లైన్లో నిలబడుతున్న రోజులు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మాత్రం నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాలకు వెళ్లి శాంపిల్స్ తెచ్చారు. కోవిడ్ వైరస్ ముక్కు, గొంతులోనే కాదు, మలంలో కూడా దాదాపు 35 రోజుల వరకు బయటికి వస్తుంది. అలా మురుగులోకి చేరిన వైరస్ ఆనవాళ్లను ఆర్‌టీ-పీసీఆర్‌తో కొలిచారు. ఒక మనిషి ఎంత వదులుతాడో తెలుసు, మొత్తం ఎంత ఉందో తెలిసింది. ఇక మిగిలింది భాగహారమే.

నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి, అంటే జనాభాలో 6.6 శాతం మందికి, ఆ 35 రోజుల్లో వైరస్ సోకి ఉంటుందని తేలింది. అప్పటికి తెలంగాణ మొత్తం మీద నమోదైన కేసులు దాదాపు లక్ష. లక్షణాలు లేనివాళ్లు, టెస్టు దాకా వెళ్లనివాళ్లు ఎంతమంది ఉన్నారో మురుగు చెప్పేసింది.

అయితే ఇది అంచనా. వాన పడితే మురుగు పలచబడుతుంది. అందరూ ఒకే మోతాదులో వైరస్ వదలరు. అందుకే ఒక్కరోజు అంకె కన్నా వారం వారం గ్రాఫ్ పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం.

హాస్టల్ దాకా వస్తే?

అదే నెలలో అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీలో ఒక హాస్టల్ మురుగులో వైరస్ కనిపించింది. అక్కడున్న 311 మందికి టెస్టులు చేస్తే ఇద్దరు పాజిటివ్. ఇద్దరికీ లక్షణాలు లేవు. వాళ్లను వేరుగా ఉంచారు.

బాగానే ఉంది కదా? కానీ ఇదే పద్ధతితో డ్రగ్స్ వాడకం కూడా తెలుసుకోవచ్చు. 2005లో ఇటలీ శాస్త్రవేత్తలు పో నది నీళ్లను పరీక్షించి, అందులో రోజుకు దాదాపు 4 కిలోల కొకైన్‌కు సమానమైన ఆనవాళ్లు పారుతున్నాయని లెక్కగట్టారు. ఊరి స్థాయిలో తీసిన శాంపిల్‌తో ఎవరి పరువూ పోదు. అదే ఒక్క బిల్డింగ్ మ్యాన్‌హోల్ దగ్గర తీస్తే వేళ్లు కొందరి వైపే చూపిస్తాయి. అందుకే శాంపిల్ ఎక్కడ తీస్తున్నారు, రిపోర్ట్ ఎవరి చేతికి వెళ్తోంది అన్నది మనం అడగాల్సిందే.

లెక్కలోకి రానివాళ్లు

అసలు చిక్కు ఇంకోటి ఉంది. సీసీఎంబీ లెక్కను మళ్లీ చూడండి. 2020లో హైదరాబాద్‌లో రోజుకు దాదాపు 180 కోట్ల లీటర్ల నీళ్లు వాడితే, శుద్ధి కేంద్రాలకు చేరింది అందులో దాదాపు 40 శాతం. అక్కడ కనిపించింది దాదాపు 2 లక్షల మంది లెక్క. దాన్ని నగరమంతటికీ విస్తరిస్తే 6.6 లక్షలైంది. అంటే సగానికి పైగా నగరాన్ని ఊహించాల్సి వచ్చింది.

ఇది ఒక్క హైదరాబాద్ సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ ఇళ్లలో డ్రైనేజీ పైపుకి కలిసిన టాయిలెట్ ఉన్నవి 32.7 శాతమే. సెప్టిక్ ట్యాంకుల మీద ఆధారపడ్డవి 38.2 శాతం. ఇక 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 19 శాతం ఇళ్లవాళ్లు అసలు టాయిలెట్టే వాడటం లేదు.

ఇప్పుడు ఆలోచించండి. కలరా, టైఫాయిడ్, పోలియో లాంటివి ముందు ఎవరికొస్తాయి? ఓపెన్ నాలా పక్కన గుడిసెలో ఉండేవాళ్లకి, పది ఇళ్లకు ఒకే టాయిలెట్ ఉన్న బస్తీవాళ్లకి. జబ్బు ముందు వచ్చేది వాళ్లకే, లాగ్ ఫైల్‌లో పేరు లేనిదీ వాళ్లకే. గేటెడ్ కమ్యూనిటీకి జబ్బు చేరాక అలారం మోగితే అది ముందస్తు హెచ్చరిక ఎలా అవుతుంది?

దీనికి పరిష్కారం లేకపోలేదు. పైపు లేని చోట నాలాల్లోంచి, సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే ట్యాంకర్లలోంచి శాంపిల్స్ తీయొచ్చు. వరంగల్‌లో ఆ ట్యాంకర్లకు 2016లోనే నిబంధనలు పెట్టారు. ఆ మలాన్ని శుద్ధి చేసే కేంద్రమూ అక్కడ ఉంది. ట్యాంకర్లు నాలాల్లో, చెరువుల్లో పారబోయకుండా ఒకచోటికి చేరితే ఊరూ శుభ్రంగా ఉంటుంది, శాంపిలూ దొరుకుతుంది.

టాయిలెట్ కట్టడం, దాన్ని పైపుకో ట్యాంకర్‌కో కలపడం పరిశుభ్రత కోసమే అనుకుంటాం. అది జబ్బు లెక్కలో మనిషిని చేర్చడం కూడా. మీ అపార్ట్‌మెంట్ మురుగు ఎక్కడికి వెళ్తోందో అసోసియేషన్ వాళ్లని ఈ ఆదివారం ఒకసారి అడిగి చూడండి. ట్యాంకర్ వస్తుంటే, అది ఎక్కడ ఖాళీ అవుతోందో కూడా అడగండి.