ఏడ్పు మరచిన పసివాళ్లు

“అడగనిదే అమ్మయినా పెట్టదు” అని మన పెద్దలంటారు. నోట మాటరాని పసిబిడ్డ అడగడమంటే ఏడవడమే. బిడ్డ క్యారుమనగానే తల్లి చేస్తున్న పని విడిచి పరుగెత్తుకు వస్తుంది. పొయ్యిమీద పాలు పొంగిపోయినా సరే! కాని ఎంత ఏడ్చినా వచ్చేవారే లేకపోతే? కొన్నాళ్లకు ఆ బిడ్డ ఏడవడమే మానేస్తుంది.

రుమేనియా దేశపు శిశు గృహాలలో అడుగుపెట్టిన వైద్యులను తీవ్రంగా కలవరపెట్టింది ఈ నిశ్శబ్దమే. గదినిండా ఊచల తొట్లు. తొట్టికొక పసివాడు. కొందరు ముందుకూ వెనక్కూ ఊగుతుంటారు, కొందరు పైకప్పు వంక చూస్తూ పడుకునివుంటారు. ఏడ్పు మాత్రం వినబడదు.

ఇంతమంది పిల్లలు అక్కడికి ఎలా చేరారు? వారిని ఆదుకోవడానికి లోకం ఏం చేసింది? చేసినదానిలో ఏది ఫలించింది, ఏది ఫలించలేదు? దానధర్మాలు చేసే ప్రతివారూ తెలుసుకోదగిన కథ ఇది.

కనమన్నారు, పెంచే దారి చూపలేదు

తూర్పు యూరపులో నల్లసముద్రం ఒడ్డునున్న దేశం రుమేనియా. 1965లో అక్కడ పగ్గాలు చేపట్టిన నికొలాయ్ చౌషెస్కూ, జనం పెరిగితేగాని దేశం బలపడదని తలచాడు. 1966 అక్టోబరులో 770వ నంబరు శాసనం వెలువడింది. గర్భస్రావం నేరమైపోయింది. 45 ఏళ్లు దాటిన స్త్రీలకూ, నలుగురు బిడ్డల తల్లులకూ, మరి కొద్దిమందికీ మాత్రమే మినహాయింపు. గర్భనిరోధక సాధనాలు దొరకడం గగనమైంది. పాతికేళ్లు దాటినా సంతానం లేనివారిపై పన్ను వేశారు.

1966లో ఆ దేశంలో 2,73,000 పైచిలుకు శిశువులు పుట్టారు. 1967లో 5,27,000 పైచిలుకు! ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపు. వీరందరికీ తిండి ఎక్కడినుంచి వస్తుంది? పెంచలేని తల్లిదండ్రులకు ప్రభుత్వం చూపిన దారి ఒక్కటే: బిడ్డను తెచ్చి శిశు గృహంలో వదిలిపెట్టడం.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అనాథ శరణాలయాలని పేరేగాని, అందులోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో, లేక ఇద్దరూనో బ్రతికే వున్నారు. వారిని అనాథలను చేసింది చావు కాదు, పేదరికం.

మూడేళ్లు నిండేసరికి ఆ పిల్లలను పరీక్షించి, బాగుపడేవారొకవైపు, బాగుపడనివారొకవైపుగా విడదీసేవారు. మెల్లకన్ను, వంకర పాదం వంటి సరిచేయదగిన లోపమున్న బిడ్డ కూడా ఒక్కొక్కప్పుడు రెండో జాబితాలో పడేవాడు. అలా పడ్డవారిని ఎక్కడో దూరపు ఊళ్లలోని ఆశ్రమాలకు పంపేవారు. అక్కడ వైద్యమూ లేదు, చదువూ లేదు. శీతకాలంలో చలికాచుకోవడానికి నిప్పు కూడా కరువే.

1980 తరువాత పరిస్థితి మరీ దిగజారింది. విదేశీ అప్పులు తీర్చాలని చౌషెస్కూ దేశంలోని ఆహారాన్ని ఎగుమతి చేయించాడు. రొట్టెకు రేషను, దీపాలకు కోత. పెద్దల గతే అలావుంటే, అడిగే దిక్కులేని పసివాళ్ల గతి ఊహించుకోవచ్చు.

బలానికి ఎక్కించిన రక్తం

బక్కచిక్కిన శిశువులకు బలం వస్తుందని కొద్దికొద్దిగా రక్తం ఎక్కించే పద్ధతి ఆ రోజుల్లో అక్కడ వుండేది. ఆ రక్తాన్ని పరీక్షించేవారు కారు. సూదుల కొరతవల్ల ఒకే సూదిని, సరిగా శుద్ధి చేయకుండానే, పలువురికి వాడేవారు. మంచి చేద్దామనుకున్న ఆ పనే ఎయిడ్స్ వ్యాధిని శిశువులకు అంటగట్టింది.

1990 డిసెంబరు చివరికి ఆ దేశ ఆరోగ్యశాఖ లెక్కకు ఎక్కిన ఎయిడ్స్ రోగులు 1,168 మంది. వారిలో 1,094 మంది పదమూడేళ్ల లోపు పిల్లలే! ఆ పిల్లల్లో 683 మంది ప్రభుత్వ గృహాలలోనో ఆస్పత్రులలోనో వున్నవారు. తల్లుల రక్తం పరీక్షిస్తే, దొరికినవారిలో ఎక్కువమందికి ఆ వ్యాధి లేదు. బిడ్డలకు అది తల్లి కడుపులో రాలేదు, వైద్యం చేసిన సూదిలో వచ్చింది.

లారీలు కదిలాయి

1989 డిసెంబరులో జనం తిరగబడ్డారు. 25వ తేదీ, సరిగా క్రిస్మస్ నాడే, చౌషెస్కూను కాల్చి చంపారు. అంతవరకు మూసివున్న తలుపులు తెరుచుకున్నాయి. లోపల లక్షకు పైగా పిల్లలు!

ఆ దృశ్యాలను టెలివిజనులో చూసిన జనానికి మనసు ఆగలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ దేశాలనుంచి దుప్పట్లు, పాలపొడి, మందులు, కొత్త సూదులు, బొమ్మలు నింపుకుని లారీలు బయలుదేరాయి. ఎన్నడూ ఇల్లు కదలని మనుషులు కూడా సెలవుపెట్టి వచ్చి గోడలకు సున్నం వేశారు, పిల్లలకు స్నానాలు చేయించారు. బీటిల్స్ గాయకుడు జార్జి హారిసన్ భార్య ఒలీవియా, తక్కిన బీటిల్స్ భార్యలతో కలిసి 1990లో ‘రుమేనియన్ ఏంజెల్ అప్పీల్’ అనే సంస్థను నెలకొల్పింది. హారిసన్ తన మిత్రులతో పాట రికార్డు చేసి, ఆ సొమ్మును ఈ పిల్లలకిచ్చాడు.

ఈ సాయం ఎందరి ప్రాణాలనో నిలిపింది. అయినా కొద్దికాలానికే ఒక నిజం తేలింది. పాలు వచ్చాయి గాని, ఒళ్లో పడుకోబెట్టుకుని తాగించే చేతులు లేవు. ఒక్క ఆయాకు పన్నెండుమంది, పదిహేనుమంది పిల్లలాయె! ఆమె మాత్రం ఎందరిని ఎత్తుకోగలదు? పైగా పూటకొక ఆయా. బిడ్డ ఎవరి ముఖాన్ని తన అమ్మ ముఖమని గుర్తుపెట్టుకోవాలి?

పిల్లలను దత్తు చేసుకోవాలని విదేశీయులు తరలివచ్చారు. 1990, 91 సంవత్సరాలలోనే సుమారు పదివేలమంది దేశం దాటారు. వారిలో ఎందరికో చల్లని ఇళ్లు దొరికాయి. కాని డబ్బు వాసన పసిగట్టిన దళారులూ బయలుదేరారు. శరణాలయాల్లోని పిల్లలను విడిచి, పేదల ఇళ్లలోని పసికందులకు బేరాలు పెట్టారు. 1991లో ప్రభుత్వం ఈ దత్తతలను ఆపింది. మళ్లీ తెరిచినప్పుడు మళ్లీ అదే బేరం. చివరికి 2001లో మరోసారి ఆపి, 2004 నాటి చట్టంతో ఆ దారిని దాదాపుగా మూసివేశారు.

ఒళ్లో పెరిగితే ఏమవుతుంది?

ఇంగ్లండుకు దత్తు వెళ్లిన పిల్లలను మైకేల్ రట్టర్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆరు నెలల లోపే ఇల్లు చేరిన పిల్లలు చాలావరకు తక్కిన పిల్లలవలెనే ఎదిగారు. ఆ తరువాత చేరినవారిలో చాలామందిని శరణాలయపు నీడ పెద్దయినా వదలలేదు.

2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులు రాజధాని బుకారెస్టులో మరొక పరిశోధన ప్రారంభించారు. ఆరు శిశు గృహాలలోని 136 మంది పసివాళ్లలో సగం మందిని చీటీలు వేసినట్టు ఎంచి, పెంపుడు తల్లుల ఇళ్లకు పంపారు. దత్తత కాదిది. నెలనెలా జీతం పుచ్చుకుని, పరాయి బిడ్డను తన ఇంట పెంచే ఏర్పాటు. మిగిలినవారు పాత పద్ధతిలోనే వున్నారు. అయితే వారిలో ఎవరికైనా ఇల్లు దొరికితే ఎవరూ అడ్డుచెప్పలేదు.

నాలుగున్నర ఏళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెడితే, శరణాలయానికి కేటాయించినవారి సగటు 73. పెంపుడు తల్లుల దగ్గరకు వెళ్లినవారిది 81. కన్నవారి దగ్గర పెరిగిన ఊరి పిల్లలది 109. రెండేళ్ల లోపు ఇల్లు చేరిన పిల్లలు ఇంకా బాగా కోలుకున్నారు. పాలూ మందులూ బిడ్డను బ్రతికిస్తాయి. మనిషిని చేయడానికి మాత్రం ఒక మనిషే కావాలి. మన ముత్తవ్వలకు ఇది తెలియనిదా అంటారేమో! తెలుసు. కాని ప్రభుత్వాలను కదిలించడానికి లెక్కలు కావలసివచ్చాయి.

లెక్కలు కదిలించాయి కూడా. జీతంమీద పిల్లలను పెంచే తల్లుల పద్ధతి దేశమంతటా విస్తరించింది. రెండేళ్ల లోపు బిడ్డను, తీవ్రమైన వైకల్యం వుంటే తప్ప, శరణాలయంలో పెట్టరాదని 2004లో చట్టం వచ్చింది. 2007లో యూరపు సమాఖ్యలో చేరాలంటే పిల్లల సంగతి చక్కబెట్టక తప్పదన్న ఒత్తిడీ తోడైంది. ధర్మ సంస్థలూ దారి మార్చుకున్నాయి. శరణాలయాలకు రంగులు వేయడం మాని, వాటిని ఖాళీ చేయించడానికి డబ్బు ఖర్చుపెట్టసాగాయి.

ఎయిడ్స్ సోకిన పిల్లల విషయంలోనూ ఇంతే. వ్యాధి బాగా ప్రబలిన కాన్‌స్టాంట్సా రేవు పట్టణంలో, అమెరికాలోని బేలర్ వైద్య కళాశాల సాయంతో 2001లో ప్రత్యేక చికిత్సా కేంద్రం వెలిసింది. కొత్త మందులు కలిపి వాడేసరికి మరణాలు తగ్గుముఖం పట్టాయి. పదేళ్లు బ్రతకరనుకున్న ఆ పిల్లల్లో ఎందరో నేడు ముప్పై దాటినవారు. కొందరు తల్లులూ తండ్రులూ అయ్యారు.

ఇంకా మిగిలిన పని

పెద్దపెద్ద శరణాలయాల్లోని పిల్లల సంఖ్య లక్షనుంచి బాగా దిగింది. అంతమాత్రాన కథ కంచికి చేరలేదు. పల్లెల్లో పేదరికం వుంది. తల్లిదండ్రులు కూలికోసం ఇటలీకో స్పెయిన్‌కో పోతే, అవ్వాతాతల దగ్గర మిగిలిపోయిన పిల్లలున్నారు. ఆనాడు శరణాలయాల్లో పెరిగి, బయట బ్రతకడం చేతకాని పెద్దవాళ్లున్నారు.

బిడ్డను వదిలేద్దామని వచ్చిన పేద తల్లికి ఆ పూటే కాస్త కట్టెలూ, కాస్త తిండీ, ఒక ఉద్యోగమూ చూపిస్తే ఆమె బిడ్డతోనే ఇంటికి తిరిగిపోతుంది. అక్కడ పనిచేసిన సంస్థలు చివరికి తేల్చుకున్నది ఇదే. శరణాలయం కట్టించిన దాత పేరు గోడమీది పలకపై వుంటుంది. ఆ తల్లిని ఇంటికి పంపిన దాత పేరు ఎక్కడా వుండదు. కాని ఆ రాత్రి ఆ ఇంట్లో ఒక బిడ్డ క్యారుమంటుంది. వెంటనే ఎవరో లేచి దీపం వెలిగిస్తారు.