వార్తల్లో పదం: సాఫ్ట్‌వేర్ లైసెన్స్

కంప్యూటర్ కొన్నప్పుడు ‘అన్నీ ఎక్కించి ఇస్తాం సార్’ అంటాడు దుకాణదారు. ఆ ‘అన్నీ’లో డబ్బు కట్టినవి ఎన్నో అడిగేవాళ్లు తక్కువ.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కడితే సాధారణంగా మనకు దక్కేది యాజమాన్యం కాదు, వాడుకునే అనుమతి. ఎన్ని కంప్యూటర్లలో, ఎంతమంది, ఎంతకాలం వాడొచ్చో చెప్పే ఒప్పందమే లైసెన్స్. విద్యార్థుల కోసం ఇచ్చిన కాపీతో ఆఫీసు పని చేస్తే అదీ ఉల్లంఘనే కావచ్చు.

మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనల కోవలోనే లెక్కిస్తుంది. కథకు, కోడ్‌కు ఒకే గొడుగన్నమాట! దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 63బి సెక్షన్ ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు జైలుశిక్ష మినహాయించవచ్చు. ఆ వెసులుబాటు డీటీపీ సెంటర్‌కో, ఆడిటర్ ఆఫీసుకో దొరకడం కష్టం.

నిజానికి జైలుకన్నా దగ్గరి ప్రమాదం, లైసెన్స్ లేకుండానే సాఫ్ట్‌వేర్‌ను నడిపించే ‘క్రాక్’ ఫైలే. అది పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపేయమంటారు. దొంగను పిలిచి కుక్కను కట్టేసినట్టే. దాంతోపాటు, ఫైళ్లను బంధించి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దిగితే ఖాతా పుస్తకాలన్నింటికీ తాళం పడుతుంది. అప్పుడు ఫోన్ చేయడానికి కంపెనీ సహాయ కేంద్రమూ ఉండదు.

ఖర్చు భారమనుకునే చిన్న సంస్థలకు ఆఫీసు పనులకు లిబ్రేఆఫీస్, బొమ్మలు దిద్దడానికి జింప్ వంటివి ఉచితంగానే దొరుకుతాయి, వ్యాపారానికి వాడినా తప్పులేదు.