అద్భుతకథల్లో అమ్మాయి: నల్లజాతి నాయికల నుంచి సారలమ్మ వరకు

కీలకపదాలు: కౌమార సాహిత్యం, అద్భుతకథ, సారలమ్మ, కోయ మౌఖిక సంప్రదాయం

1. ఉపోద్ఘాతం

కౌమార పాఠకుల అద్భుతకథల్లో నాయిక ఎవరు కావచ్చు? ఆంగ్ల సాహిత్యంలో ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానాల్లో ఒకటి, పాట్రిస్ కాల్డ్‌వెల్ సంపాదకత్వంలో 2020లో వెలువడిన ‘ఎ ఫీనిక్స్ ఫస్ట్ మస్ట్ బర్న్’. ఇందులోని 16 కథల్లో ప్రధానంగా నల్లజాతి అమ్మాయిలే మంత్రశక్తికీ సాహసానికీ కేంద్రం. జాతివివక్ష, ఆదివాసుల అనుభవం ఒకటి కావు. అయినా ఈ ప్రశ్నను తెలంగాణ అడవి ప్రాంతపు కథలకూ వేసి చూడవచ్చు.

2. సారలమ్మ కథ

మేడారం 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండేది; ప్రస్తుతం ములుగు జిల్లాలో ఉంది. కరువు వల్ల కప్పం చెల్లించలేకపోయిన కోయలపై కాకతీయ సైన్యం దండెత్తిందని ఐతిహ్యం. ఆ పోరులో పగిడిద్దరాజు, సమ్మక్కల కూతురు సారలమ్మ నేలకొరిగింది. జంపన్న దూకిన సంపెంగవాగు జంపన్నవాగయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైంది. అక్కడ కుంకుమభరిణె కనిపించింది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే జాతరలో కన్నెపల్లి నుంచి సారలమ్మ తొలిరోజే గద్దెకు చేరుతుంది. తల్లి సమ్మక్క రాక మరునాడు. పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి కోయ పూజారులు అడవిదారిన కాలినడకన తీసుకువస్తారు.

3. దేవతగా, బాలికగా

అద్భుతకథకు కావలసిన సామగ్రి అంతా ఇందులో ఉంది. అయితే ప్రచారంలో ఉన్న సంక్షిప్త కథనాల్లో సారలమ్మ యుద్ధంతో మొదలై మరణంతో ముగుస్తుంది. ఆమె స్నేహాలు, భయాలు, తప్పటడుగులు వాటిలో కనిపించవు. దేవతకు భక్తులు మొక్కుతారు. పదమూడేళ్ల పాఠకురాలు మాత్రం తనవంటి అమ్మాయిని వెతుక్కుంటుంది.

బొమ్మల్లోని రంగు కూడా ఇక్కడ ఆలోచించదగినది. జనగామకు పొరుగున ఉన్న చేర్యాల నకాశీ పటాల్లో సాధారణంగా దేవతలకు నీలం, పసుపు, మనుషులకు గులాబీ ఛాయ, రాక్షసులకు ముదురు రంగులు వాడతారు. ఇది పాత్రను గుర్తించేందుకు ఏర్పడిన చిత్రసంకేతం. అదే సంకేతాన్ని నేటి పిల్లల పుస్తకంలో యథాతథంగా వాడితే నల్లని మేనిఛాయ గల బాలికకు నాయిక స్థానం దక్కదు.

4. ముగింపు

సారలమ్మ కోయల ఆరాధ్యదైవం. ఆ కథను పద్మశ్రీ (2022) గ్రహీత సకిని రామచంద్రయ్య వంటి డోలి కళాకారులు పాటగా నిలిపారు. కనుక దానిని తిరిగి చెప్పదలచిన రచయిత ముందుగా ఆ సమాజాన్ని వినాలి. దేవత కథను మార్చకుండానే కొత్త నాయికను సృష్టించే వీలుంది. పూనుగొండ్ల నుంచి మేడారం దాకా పెద్దల వెంట నడిచే ఒక కోయ బాలికకు ఆ అడవిదారిలో ఎదురయ్యేదే కథ కావచ్చు. అటువంటి కథలను కోయ యువతులే రాసినపుడు తెలుగు కౌమార సాహిత్యంలోని ఈ లోటు తీరుతుంది.