ఇక్కడ 30 అడుగులకే నీళ్లు, అక్కడ 600 అడుగులు దిగినా దుమ్మే! ఎందుకు?

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. ఫోన్‌లో మ్యాప్స్ ఓపెన్ చేసి శాటిలైట్ వ్యూ పెట్టండి. ముందు అమలాపురం చూడండి. అంతా పచ్చగా, చదునుగా, మధ్యలో గీత గీసినట్టు కాలువలు. ఇప్పుడు జనగామ చూడండి. ఎర్ర నేలలు, రాతి గుట్టలు, అక్కడక్కడా చెరువులు. రెండూ తెలుగు నేలలే. మరి ఇంత తేడా ఎందుకు?

ముందు కోనసీమ సంగతి. అది గోదావరి మోసుకొచ్చిన మట్టి. నాసిక్ దగ్గర త్రయంబకేశ్వర్‌లో పుట్టి, 1,465 కిలోమీటర్ల ప్రయాణంలో పాపికొండలు దాటాక నదికి వాలు తగ్గిపోతుంది. వాలు తగ్గితే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే మోసుకొచ్చిన ఒండ్రు కింద పడిపోతుంది. వేల ఏళ్లుగా అలా పొరలు పొరలుగా పేరుకున్నదే డెల్టా.

జనగామ అలా కాదు. అది దక్కన్ పీఠభూమి. కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాయి. పైన కనిపించే చల్క నేల చాలావరకు ఎక్కడినుంచో వచ్చింది కాదు, ఆ రాయే ఎండకీ వానకీ చివికి మట్టయింది. అందుకే పొర పలచన.

ఇప్పుడు అసలు విషయం, నీళ్లు. ఒండ్రు ఇసుకలో రేణువుల మధ్య ఖాళీలుంటాయి, స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. గ్రానైట్‌లో ఆ ఖాళీలు ఉండవు. పైన చివికిన పొరలో, దాని కింద పగుళ్లలో మాత్రమే నీళ్లుంటాయి. లోతుకి వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. అంటే 300 అడుగుల్లో పడని బోరు 600 అడుగుల్లో పడుతుందన్న గ్యారంటీ లేదు. ఇది తెలియకే ఎంతోమంది రైతులు ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేసి అప్పులపాలయ్యారు.

పాతకాలం వాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. పీఠభూమి మీద నది లోయలో పారుతుంది, పొలాలు పైన ఉంటాయి. అందుకే కాకతీయులు వాన నీటిని వాలులోనే ఆపి రామప్ప, పాకాల, లక్నవరం లాంటి చెరువులు కట్టారు. చాలాచోట్ల పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టు. డెల్టాలో కథ వేరు. అక్కడ కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. నీటిమట్టం కాస్త పెంచి కాలువల్లోకి వదిలితే చాలు, వాలే పొలం దాకా తీసుకెళ్లింది.

అలాగని డెల్టా సేఫ్ అనుకోకండి. వరదా తుఫానూ ముందు తాకేది పల్లాన్నే. సముద్రం పక్కన బోర్లతో ఎక్కువ తోడితే ఉప్పునీరు లోపలికొస్తుంది. పైన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతుంటే, అలలు కోసేసే తీరానికి కొత్త మట్టి అందడం లేదు.

కాబట్టి పీఠభూమిలో చెరువు పూడిస్తే పోయేది చెరువొక్కటే కాదు, చుట్టుపక్కల బోర్లకి నీళ్లందించే దారి కూడా. ఈసారి ప్లాటు కొనేముందు పాత తేదీల శాటిలైట్ ఫొటోలు చూడండి, అక్కడ చెరువు ఉండేదేమో!

మీ ఊరు డెల్టానా, పీఠభూమా? మీ బోరు ఎన్ని అడుగులు? కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.