మీకు తెలుసా? హ్రాంగ్‌ఖోల్‌ల ఊరూ భాషా

అస్సాంలో హాఫ్‌లాంగ్ కేంద్రంగా ఉన్న కొండ జిల్లా డిమా హసావ్. హ్రాంగ్‌ఖోల్‌లు అనే గిరిజన జాతివాళ్లు ప్రధానంగా అక్కడ, త్రిపురలో ఉంటారు. ఒకే జాతి అయినా సర్కారు జాబితాలో పేరు మారిపోతుంది: అస్సాంలో వీళ్లను కుకీ తెగల్లో కలిపి లెక్కిస్తే, త్రిపురలో హాలాం సముదాయంలో చేర్చారు.

తమ పూర్వీకులు ఒక గుహలోంచి బయటి లోకానికి వచ్చారని పెద్దలు చెబుతారు. ఇతర జాతులైన మిజోలు ఛిన్‌లుంగ్ అనే చోటు గురించి, హ్మార్‌లు సిన్‌లుంగ్ గురించి చెప్పుకునే కథ కూడా ఇలాంటిదే. ఇది చరిత్రకు రుజువు కాదు గానీ, ఈ జాతుల చుట్టరికాన్ని సూచిస్తుంది.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది భాష. ఇది టిబెటో-బర్మన్ కుటుంబంలోని కుకీ-చిన్ శాఖకు చెందింది. బియాతే అనే భాష దీనికి దగ్గరి బంధువు. తెలుగులోలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. అయితే మనం ‘వచ్చాను, వచ్చావు’ అంటూ వచ్చిందెవరో క్రియ చివర చెబుతాం. కుకీ-చిన్ భాషల్లో ఆ గుర్తు చాలావరకు క్రియకు ముందే చేరుతుంది. ఇంత దూరపు భాషలో ఈ పోలికా ఈ తేడా పక్కపక్కనే కనిపించడం నిజంగా అబ్బురమే!

ఈ భాష వ్యాకరణాన్ని సి.ఎ. సాపిట్ అనే బ్రిటిష్ అధికారి 1887లోనే క్లుప్తంగా అచ్చువేయించాడు. 1904లో గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషా సర్వే దీన్ని ‘పాత కుకీ’ వర్గంలో చేర్చింది. నేడు హ్రాంగ్‌ఖోల్ రాతకు వాడేది రోమన్ లిపి.