‘కొంచెం చిన్నగా’ అంటే ఎంత?

కొన్నేళ్ల క్రితం రంజాన్ పండుగ ముందు రాత్రి. సెలూన్లో కాలు పెట్టే చోటు లేదు. మా రెండో అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టి, ‘కొంచెం చిన్నగా కొట్టవయ్యా’ అని చెప్పి, మేము సేమ్యాలు, అత్తరు కొనడానికి బజారుకు వెళ్లాము. తిరిగి వచ్చేసరికి వాడి తలంతా మిషన్ తిరిగిపోయింది. ‘మీరు చిన్నగా అనే కదా సాబ్ చెప్పారు!’ అన్నాడు క్షురకుడు. అతని మాటలో తప్పేమీ లేదు.

మర్నాడు ఈద్గాలో పిల్లవాడు టోపీని చెవుల దాకా లాక్కున్నాడు. బంధువుల ఇంట్లో షీర్ ఖుర్మా తాగేటప్పుడు కూడా తీయలేదు. రాత్రి వాళ్ల అమ్మీతో అన్న మాట మా చెవిన పడింది: ‘అబ్బా నన్ను ఒక్క మాటైనా అడగలేదు.’

తప్పు మాదేనని అప్పుడు తెలిసింది. దర్జీకి కొలతలు ఇస్తాము. కిరాణా కొట్లో కిలో, అరకిలో అని అడుగుతాము. తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘చిన్నగా’, ‘మీడియం’ అని ఊరుకుంటాము. ఒకరి ‘చిన్నగా’ మరొకరికి గుండు కావచ్చు.

మిషన్ వాడించేటట్లయితే నంబరు చెప్పాలి. సాధారణంగా ఒకటో నంబరు దువ్వెన సుమారు 3 మిల్లీమీటర్ల వెంట్రుక ఉంచుతుంది, రెండోది 6, నాలుగోది 12 లేదా 13. నంబరు పెరిగిన కొద్దీ జుట్టు ఎక్కువ మిగులుతుంది. కత్తెరతో అయితే ఎంత తీయాలో, ఎంత ఉంచాలో వేలితో చూపించాలి. నడినెత్తి, పక్కలు, మెడ వెనుక, నుదుటి దగ్గర - వేటికవి విడిగా చెప్పాలి. తడి జుట్టు పొడవుగా కనిపిస్తుంది, ఆరాక పొట్టిదవుతుంది. ఉంగరాల జుట్టయితే మరీనూ. సుడి దగ్గర బాగా తగ్గిస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఫోనులో ఫొటో చూపించినా, ఆ జుట్టు రకం మనది అవునో కాదో క్షురకుణ్ణే అడగడం మేలు. అద్దాలు పెట్టుకునేవారు మధ్యలో ఒకసారి ఆపించి, పెట్టుకుని చూసుకోవాలి. ఎక్కువ ఉంచితే మళ్లీ తగ్గించవచ్చు, తీసేసినది తిరిగి రాదు.

ఇలా వివరంగా చెప్పడం డాంబికమని కొందరు పెద్దలు అనుకుంటారు. హిజ్రీ 10వ సంవత్సరం (క్రీ.శ. 632) చివరి హజ్‌లో, మినాలో ఖుర్బానీ ముగిశాక, దైవప్రవక్త (స) క్షురకునికి ముందు తన శిరస్సు కుడివైపును, తర్వాత ఎడమవైపును చూపించి జుట్టు తీయమన్నారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. తనకు కావలసినది చేత్తో చూపి మరీ చెప్పారు గదా!

అయితే పిల్లలు అడిగిందల్లా ఒప్పుకోవాలని కాదు. తలలో కొంత భాగం గొరిగి, కొంత వదిలేయడాన్ని ‘ఖజఅ’ అంటారు. దాన్ని ప్రవక్త (స) వారించారు. పక్కలు మిషన్‌తో తగ్గించడం కూడా ఇందులోకే వస్తుందా అన్న విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరు వేరుగా ఉన్నాయి. సందేహమున్నవారు తమ ఆలింను అడగవచ్చు. ఆ మాట పిల్లవాడికి ఇంట్లోనే, నెమ్మదిగా వివరించాలి. కుర్చీలో కూర్చున్నాక పదిమందిలో గద్దించకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో సెలూన్‌కు బయల్దేరే ముందు, ‘బేటా, ఎలా కావాలి?’ అని అడుగుతాము. క్షురకునికి వాడి నోటితోనే చెప్పిస్తాము. జుమాకు ముందు మీ పిల్లవాణ్ణి తీసుకెళ్తుంటే మీరూ అడిగి చూడండి. కటింగ్ అయ్యేదాకా పక్కనే ఉండండి. బజారు పని తర్వాతయినా చూసుకోవచ్చు.